పల్లికాయ బూజు విషం లివర్‌కు అతుక్కోకుండా చూసుకునుడు: చేన్ల నుంచి వంటింటి దాకా

యాసంగి పల్లికాయ పీకుడు మొదలైందంటే వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట దిక్కు ఏ ఊరికి పోయినా రోడ్ల పొంటి కాయ ఆరబోసి ఉంటది. రేటు గురించి, కూలీల గురించి, మార్కెట్ల తరుగు గురించి అందరం మాట్లాడుకుంటం గానీ ఆ కాయ ఎన్ని రోజులల్ల ఎండింది, నడుమల ఎక్కడ తడిసింది అనేది మన లివర్‌కు సంబంధించిన ముచ్చట అని మస్తు మందికి తెల్వదు. బూజు పట్టిన పల్లీలల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం మనుషులకు లివర్ క్యాన్సర్ తెప్పిస్తదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చి, పొగాకును పెట్టిన మొదటి గ్రూపులనే దీన్ని కూడా పెట్టింది. కాకపోతే ఇది సిగరెట్ లెక్క కండ్లకు కనిపించది, వాసన రాదు, చట్నీల నలిగిపోయినంక రుచి కూడా తెలుస్తదన్న గ్యారంటీ లేదు.

ఏం చెయ్యాలె అనేది చెప్పేముందు లివర్‌ల ఏం జరుగుతదో జర ఓపికగ చదవండి. ఇది తెలిస్తే కింద చెప్పే పనులన్నీ ఎందుకో అర్థమైతయి, పైగా లివర్ క్లీన్ చేస్తం అని పొడులు అమ్మేటోళ్ళకు పైసలు పెట్టకుండా ఉంటరు.

లోపటికి పోయినంక

ఈ విషాన్ని తయారు చేసేవి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్జిల్లస్ పారాసిటికస్ అనే రెండు బూజులు. ఇవి ఎక్కడి నుంచో రావు, మన చేన్ల మట్టిలనే ఉంటయి. అవి తయారు చేసే వాటిల్ల అన్నిటికంటే చెడ్డది అఫ్లాటాక్సిన్ బి1. చిత్రమేందంటే తిన్నప్పుడు అది దేన్నీ పట్టుకునే రకం కాదు. పేగుల నుంచి రక్తంల కలిసి లివర్‌కు చేరినంక, లివర్ దాన్ని నీళ్ళల్ల కరిగేటట్టు చేసి బయటికి పంపాలని చూస్తది, ఆ పనికి సైటోక్రోమ్ పి450 అని ఎంజైముల గుంపు ఉంటది, అందుల 3ఏ4, 1ఏ2 అనే రెండు రకాలు బి1కు ఒక ఆక్సిజన్ తగిలిస్తయి. తగిలించినంక అయ్యేది ఎపాక్సైడ్. అసలు గండం ఇదే. నీళ్ళల్ల దాంట్ల సగం ఖతమయ్యేతందుకు ఒక్క సెకను లెక్కన పడుతది, ఆ లోపట్నే పక్కన ఏది దొరికితే దాన్ని పట్టుకుంటది. అంటే బయటికి పంపాలని లివర్ చేసిన పనితోనే అది ప్రమాదకరంగ మారుతది.

ఇగ అక్కడి నుంచి దానికి మూడు దారులు. ఒకటి మంచి దారి, లివర్‌ల ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని పట్టుకొని పైత్యరసంల, మూత్రంల బయటికి తోలేస్తది. ఎలుకల్ల చిన్నవి, అంటే చిట్టెలుకలు ఈ విషానికి అంత తొందరగ లొంగవు, ఎందుకంటే వాటి లివర్‌ల గ్లూటాథయోన్‌ను తగిలించే ఎంజైము చాలా గట్టిది. మనది అంత గట్టిది కాదు. రెండోది డీఎన్ఏ దారి, ఎపాక్సైడ్ పోయి డీఎన్ఏల గ్వానిన్ అనే అక్షరానికి అతుక్కుంటది, కణం రెండైనప్పుడు అక్కడ తప్పు అక్షరం పడుతది. చైనాల, ఆఫ్రికా దక్షిణ దిక్కు లివర్ క్యాన్సర్ గడ్డలు తీసి చూస్తే పి53 అనే కాపలా జీన్‌ల 249 నంబర్ కాడ ఒకే రకం తప్పు మళ్ళా మళ్ళా కనిపించిందని 1991ల బయటపడ్డది, అది అఫ్లాటాక్సిన్ వేలిముద్ర అన్నట్టే లెక్క.

మూడోది ప్రొటీన్ దారి. ఎపాక్సైడ్ నీళ్ళతోటి కలిసి డైఆల్ అయితది, అది విప్పుకొని రెండు ఆల్డిహైడ్ చేతులున్న పదార్థం అయితది, ఆ చేతులు ప్రొటీన్లల్ల లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుంటయి. లివర్‌ల మస్తుగ తయారయ్యే ప్రొటీన్ అల్బుమిన్, అది లివర్‌లనే పుట్టి రక్తంలకు పోతది, కాబట్టి దానికి ఈ విషం అతుక్కొనే పోతది. గోరింటాకు పెట్టుకుంటే దాని రంగు కూడా చర్మంల ఉండే ప్రొటీన్‌కే అతుక్కుంటది, సబ్బు పెట్టి ఎంత రుద్దినా పోదు, పైన ఉన్న చర్మం రాలిపోతేనే పోతది. ఇక్కడ గూడ అంతే, ఆ అల్బుమిన్ దాని ఆయుష్షు తీరి కరిగిపోతేనే అది పోతది. మనిషి రక్తంల అల్బుమిన్ సగం మారేతందుకు సుమారు 20 రోజులు పడుతది, అందుకే రక్తంల ఈ అతుకును కొలిస్తే గడిచిన రెండు మూడు నెలలల్ల ఎంత అఫ్లాటాక్సిన్ తిన్నరో తెలుస్తది.

క్యాన్సర్ తెప్పించే రసాయనం లివర్ ప్రొటీన్‌కు ఇట్ల గట్టిగ అతుక్కుంటదని ముందుగాల చూపించింది అమెరికాల విస్కాన్సిన్ యూనివర్సిటీల పనిచేసిన జేమ్స్ మిల్లర్, ఎలిజబెత్ మిల్లర్ అనే భార్యాభర్తలు, 1947ల. వాళ్ళు చూసింది పల్లీల విషం కాదు, బటర్ యెల్లో అనే రంగు. వెన్నకు పసుపు రంగు రావాలని కలిపేటోళ్ళు దాన్ని. ఎలుకలకు పెడితే ఆ రంగు లివర్ ప్రొటీన్లకు అంటుకొని ఎంత కడిగినా ఊడి రాలేదు. క్యాన్సర్‌కు అసలు కారణం డీఎన్ఏకు అతుక్కునుడే అని తర్వాత తర్వాత అర్థమైంది, ప్రొటీన్‌కు అతుక్కునుడు కణాన్ని దెబ్బకొడతది, మరి మనం ఎంత విషం తిన్నమో లెక్క తెలుసుకునుడుకు పనికొస్తది. రెండూ జరిగేది ఒకే ఎపాక్సైడ్ తోటి, కాబట్టి ఒకటి కనిపించిందంటే ఇంకొకటి కూడా జరుగుతున్నట్టే అనుకోవాలె.

ఇదంతా చెప్పింది ఎందుకంటే, ఒకసారి అతుక్కున్నంక దాన్ని ఊడబెరికే కషాయం, జ్యూసు, మాత్ర ఏదీ లేదు. చైనాల కిడాంగ్ అనే చోట 180 మందికి నాలుగు నెలలు ఆకుల పచ్చరంగు నుంచి తయారు చేసే క్లోరోఫిల్లిన్ అనే మాత్రలు అన్నంతో పాటు ఇచ్చి చూసిండ్రు, మూత్రంల వచ్చే డీఎన్ఏ అతుకులు 55 శాతం తగ్గినయి, 2001ల ఆ రిపోర్టు వచ్చింది. ఆ మాత్ర చేసే పని ముఖ్యంగ పేగులల్లనే, విషాన్ని అక్కడనే పట్టుకొని రక్తంలకు పోకుండా ఆపుడు. దీన్ని చూసి ఎవరూ సొంతంగ మాత్రలు మింగొద్దు, నేను చెప్పేది ఏందంటే ఆపాల్సింది లివర్‌కు చేరకముందే అని. మనకైతే ఇంకా ముందే ఆపే వీలున్నది, చేన్ల, కల్లంల, బస్తాల.

ఇంకో మాట, ఊర్ల ల్యాబ్‌ల చేసే లివర్ ఫంక్షన్ టెస్ట్ నార్మల్ వచ్చింది గదా అని ధీమా పడొద్దు. ఆ టెస్టుల అల్బుమిన్ ఎంతున్నదో చూస్తరు గానీ దానికి ఏం అతుక్కున్నదో చూడరు. అది చూసే పరీక్ష పరిశోధన ల్యాబులల్లనే ఉంటది.

ఎంత తింటే ఎంత

1960ల ఇంగ్లాండ్‌ల లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెల్వకుండా చచ్చిపోయినయి, చివరికి చూస్తే దాణాల కలిపిన బ్రెజిల్ పల్లి చెక్క, అఫ్లాటాక్సిన్ అనేది బయటపడ్డదే అట్ల. మన దేశంల 1974ల రాజస్థాన్‌ల బాన్స్‌వాడా, గుజరాత్‌ల పంచమహల్ జిల్లాల పల్లెలల్ల వానలకు తడిసిన మక్కలు తిని కామెర్లు లేసి వంద మందికి పైన సచ్చిపోయిండ్రు, దాని మీద పరిశోధన చేసింది మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ సైంటిస్టులే. అది ఒక్కసారే ఎక్కువ పోయిన కేసు. మనకు భయం అది కాదు, రోజుకు ఇంత ఇంత పోయేది. పడిగడుపున ఉప్మాల, చట్నీల, వంకాయ కూరల పల్లి పొడి, సాయంత్రం సర్వపిండి, పిల్లలకు బెల్లం పట్టీ, అన్నిటిల్ల అవే పల్లీలు.

లెక్క కోసం చెప్తున్న, మన దేశంల ఇంకా శుద్ధి చెయ్యాల్సిన పల్లీలల్ల మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 15 మైక్రోగ్రాములు దాటొద్దని రూలు. అంటే 10 క్వింటాళ్ళ పల్లీలల్ల 15 మిల్లీగ్రాములు, ఉప్పు రవ్వలు చిటికెడు కూడా కావు. యూరప్ వాళ్ళు నేరుగ తినే పల్లీలకు 4 అని పెట్టుకున్నరు, అందుకే ఎక్స్‌పోర్ట్ లోడ్లు వాపస్ వస్తుంటయి.

చేన్ల ఉన్నప్పుడే

బూజు కాయలకు దూరేది చాలా మట్టుకు ఆఖరి నెలల. కాయ ఊరేటప్పుడు నీళ్ళు తగ్గి నేల వేడెక్కితే మొక్క తన కాయను తాను కాపాడుకోలేదు, బూజుకు మాత్రం ఆ వేడి పండుగే. మన దిక్కు బోర్లు ఫిబ్రవరికి వచ్చేసరికి కక్కుడు మొదలువెడతయి, ఉన్న నీళ్ళు వరికి మళ్ళిస్తరు, పల్లిచేనుకు ఆఖరి తడి ఎగ్గొడతరు. నా ఉద్దేశంల ఇదే మన తాన అన్నిటికంటే పెద్ద తప్పు. ఎకరం తగ్గించి వేసుకున్నా మంచిదే గానీ ఆఖరి తడులు ఆపొద్దు. స్ప్రింక్లర్ ఉంటే ఉన్న నీళ్ళే ఇంకొంచెం దూరం వస్తయి.

ఊడలు దిగే టైంల ఎకరానికి 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోస్తే పెంకు గట్టిపడుతది, గింజ నిండుతది, పగుళ్ళు తక్కువైతయి, పగుళ్ళు లేకుంటే బూజుకు దారి లేదు. పశువుల ఎరువుల ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు కలిపి మాగబెట్టి దున్నేటప్పుడు వేసుకుంటే అది ఈ బూజుతోటి కొట్లాడుతది. చెదలు, కాయ తొలిచే పురుగు ఉన్న చేన్ల ఎక్కువ జాగ్రత్త. ఈ మందుల మోతాదులు, మీ నేలకు ఏ రకం విత్తనం అనేది పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ళను అడిగితే నా కంటే బాగ చెప్తరు.

మొదలు కుళ్ళి ముందే ఎండిపోయిన మొక్కలు ఉంటయి చూడండి, వాటి కాయను మంచి కాయల కలపొద్దు. పీకేటప్పుడే పక్కకు కుప్ప వెయ్యాలె. కూలీలకు ముందే చెప్పకపోతే ఎవ్వరూ చెయ్యరు.

పీకుడు, ఎండబెట్టుడు

కాయ నాలుగైదు విప్పి చూస్తే పెంకు లోపటి దిక్కు నల్లగ మారినవి నూటికి 75 పైన ఉంటే పీకొచ్చు. కూలీలు దొరకలేదని, రేటు పెరుగుతదని వారాలకు వారాలు ఆపితే ముదిరిన కాయ నేలలనే బూజు పడుతది.

పీకినప్పుడు కాయల తేమ 40 శాతం దాకా ఉంటది, దాన్ని 8 శాతానికి తెచ్చేదాకనే అసలు పరీక్ష. పీకిన చెట్లను కాయ పైకి, ఆకు కిందికి ఉండేటట్టు తిరగేసి వరుసల పెట్టాలె, కాయకు గాలి, ఎండ తగులుతది, నేల తేమ అంటదు. మనోళ్ళు చేసేది ఏంది, పీకినవి పీకినట్టే పెద్ద కుప్ప పెడతరు, పైన పచ్చి ఆకు, లోపట వేడి, ఆవిరి, రెండు రాత్రులు అట్ల ఉన్నదంటే లోపటి కాయ ఖతం. కాయ కొట్టినంక టార్పాలిన్ మీదనో సిమెంట్ కల్లం మీదనో పలుచగ పరిచి రోజుకు రెండు మూడు సార్లు తిప్పండి, పొద్దూకినంక మంచు పడకుండా కప్పండి, పొద్దుగాల ఎండ రాంగనే కప్పు తీసెయ్యాలె లేకుంటే కింద చెమట పడుతది. వట్టి మట్టి మీద ఆరబోసుడు వద్దే వద్దు, బూజు ఉండేదే మట్టిల.

ఎండిందా లేదా అంటే కాయ చెవి కాడ ఊపితే గింజ గలగలలాడాలె, గింజను గోటితోటి రుద్దితే పొట్టు ఊడాలె, రెండు వేళ్ళ నడుమ వత్తితే టక్కున విరగాలె గానీ సాగొద్దు. మార్కెట్ యార్డుల తేమ మిషన్ ఉంటది, బాదేపల్లి మార్కెట్‌కు తీసుకపోయే దాక ఆగకుండా ఊర్ల ఎవరి దగ్గరన్న ఉంటే ముందే చూపించుకోండి.

ఇగ అన్నిటికంటే కోపం వచ్చే పని ఒకటున్నది. ఎండిన కాయను మిషన్ల పోసే ముందు నీళ్ళు చల్లుడు. పప్పు పగలొద్దని, బరువు రావాలని చల్లుతరు. ఇన్ని రోజులు ఎండబెట్టిన కష్టం ఒక బకెట్ నీళ్ళతోటి పోతది, ఆ తడి పప్పును అట్లనే బస్తాలకు ఎత్తి గోదాంల పడేస్తరు. ఇంటి ఖర్చుకు తీసుకునే పల్లీలైతే కాయ రూపంలనే దాచుకొని, ఎప్పటికప్పుడు కావలసినన్ని చేతితోటి ఒలుచుకునుడే మంచిది, పెంకును మించిన ప్యాకింగ్ లేదు.

బస్తాలు గోడకు ఆనియ్యకుండా చెక్కల మీద పెట్టండి, వాన జల్లు పడే కిటికీ కాడ వద్దు, యూరియా సంచులల్ల పొయ్యొద్దు. మంచిగ ఎండినవైతే లోపట ప్లాస్టిక్ కవర్లున్న గాలి దూరని మూడు పొరల సంచులు వస్తున్నయి, పురుగు కూడా పట్టది. తేమ ఉన్న కాయను మాత్రం అందుల పోసి కట్టొద్దు.

వంటింట్ల

కొనుక్కునేటోళ్ళకు చేన్ల సంగతి చేతుల లేదు, ఏరుడు ఒక్కటే చేతుల ఉన్నది. అది తక్కువ పని కాదు, ఎందుకంటే అఫ్లాటాక్సిన్ అన్ని గింజలల్ల సమానంగ ఉండదు, చాలా గింజలు బాగనే ఉంటయి, కొన్ని గింజలల్లనే బాగ పోగై ఉంటది. కాబట్టి ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, పచ్చగనో పసుపుగనో మచ్చ ఉన్నవి, పురుగు తొలిచినవి, మొలక కొట్టినవి తీసేస్తే విషంల పెద్ద భాగం తీసేసినట్టే. కొన్ని గింజలను రెండు బద్దలు చేసి నడుమ చూడండి, బూజు అక్కడ దాక్కుంటది. ఏరేది వేయించకముందే, వేయించినంక అన్నీ ఒకటే రంగైతయి. అందుకే బయట వేయించినవి, పొట్టు తీసి పొడి కొట్టినవి చౌకగ దొరికితే కూడా నేనైతే కొనను, ఏ గింజ అందుల పడ్డదో ఎవరికి తెలుసు. తినేటప్పుడు ఒక గింజ చేదు తగిలితే మింగకండి, ఉమ్మెయ్యండి, పిల్లలకు కూడా ఇదే నేర్పాలె. పిల్లలది చిన్న పెయ్యి, అంతే విషం వాళ్ళకు ఎక్కువైతది, ఆఫ్రికాల బెనిన్, టోగో దేశాలల్ల రక్తంల అల్బుమిన్ అతుకు ఎక్కువ ఉన్న పిల్లలే పొట్టిగ, బక్కగ ఉన్నరని 2002ల తేలింది.

వేయిస్తే పోదా అని అందరూ అడుగుతరు. కొంత తగ్గుతది, పూర్తిగ పోదు. అఫ్లాటాక్సిన్ బి1 కరిగేదే 260 డిగ్రీలు దాటినంక, మన మూకుడుల పల్లీలు అంత వేడికి పోయే సరికి మాడి బొగ్గైతయి. కడిగితే పోదు, ఉడకబెడితే పోదు.

గానుగ నూనె ఇప్పుడు ఫ్యాషన్ అయింది, మంచిదే గానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. రిఫైన్డ్ నూనెల క్షారంతోటి శుద్ధి చేసేటప్పుడు అఫ్లాటాక్సిన్ దాదాపు పోతది, గానుగ నూనెకు అది ఉండది, గుడ్డల వడకట్టినంత మాత్రాన పోదు. కాబట్టి గానుగకు ఏరిన పల్లీలే పొయ్యాలె, మీరే తీసుకపోయి మీ ముందట్నే ఆడించుకుంటే ఇంకా మంచిది. చాలా చోట్ల ఉల్టా జరుగుతది, మంచివి అమ్మకానికి, ఏరగ మిగిలిన నల్ల గింజలు నూనెకు.

విషంల ఎక్కువ భాగం నూనెల కాదు, చెక్కల మిగులుతది. ఆ చెక్క బర్రెకు పెడితే బర్రె లివర్ కూడా మన లివర్ చేసినట్టే పని చేసి బి1ను ఎం1 అనే ఇంకో రూపంలకు మారుస్తది, ఒక్క రోజుల అది పాలల్లకు వస్తది. కాసినా పోదు. పాలల్ల ఎం1 కిలోకు 0.5 మైక్రోగ్రాములు దాటొద్దని మన దగ్గర రూలు. చెడ్డ చెక్క మానేస్తే కొద్ది రోజులల్ల పాలు మళ్ళా మంచిగైతయి, అదొక్కటే నయం. ఏరి తీసిన గింజలు కోళ్ళకు కూడా వెయ్యొద్దు, కాలబెట్టండి లేదంటే గుంత తీసి పూడ్చండి.

పల్లీలే కాదు, ఎండుమిర్చి, మక్కలు కూడా ఇదే దారి. కల్లంల తడిసిన మిర్చిని పొడి కొట్టించి కారం చేస్తే ఏమీ తెల్వదు.

టెస్ట్ చేయించాలంటే

ఎక్కువ మొత్తంల అమ్మే రైతు సంఘాలు, పట్టీలు చేసే మహిళా సంఘాలు టెస్ట్ చేయించుకుంటే మంచిది. పటాన్‌చెరుల ఉన్న ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ వాళ్ళు తక్కువ ఖర్చుల అయ్యే ఎలీసా అనే పరీక్ష పద్ధతిని తయారు చేసిండ్రు, ప్రైవేటు ఫుడ్ ల్యాబులు కూడా చేస్తయి. శాంపిల్ తీసుడుల మోసపోవద్దు, ఒక బస్తా పైనుంచి దోసెడు తీస్తే అది దేనికీ పనికిరాదు, విషం కొన్ని గింజలల్లనే ఉంటది అని చెప్పిన గదా. అన్ని బస్తాలల్ల పైన, నడుమ, అడుగున కొంచెం కొంచెం తీసి కలిపి, మొత్తం పొడి కొట్టి, ఆ పొడిల నుంచి ఇవ్వాలె.

ఇగ చివరగ, లివర్‌ను పట్టే హెపటైటిస్ బి వైరస్‌కు వేసే టీకా. షాంఘైల 18 వేల మందికి పైగా మగవాళ్ళను ఏండ్ల తరబడి చూస్తే, అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉన్నోళ్ళకు లివర్ క్యాన్సర్ ముప్పు 3 రెట్లకు పైన, హెపటైటిస్ బి ఒక్కటే ఉన్నోళ్ళకు 7 రెట్లు, రెండూ ఉన్నోళ్ళకు 59 రెట్లు ఉన్నది. అల్బుమిన్‌కు, డీఎన్ఏకు అతుక్కునుడు ఒక దిక్కు, వైరస్ వల్ల లివర్ కణాలు చచ్చుడు పుట్టుడు ఇంకో దిక్కు, అతుకు ఉన్న డీఎన్ఏ మళ్ళా మళ్ళా కాపీ అయితే తప్పులు నిలిచిపోతయి. పిల్లలకు పుట్టిన 24 గంటల లోపట ఒక డోసు, తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ అనే ఐదు రోగాల టీకాల కలిపి సర్కారు దవాఖానల ఫ్రీగ వేస్తరు. హెపటైటిస్ బి టీకా దేశమంతా వచ్చింది 2011 నాటికి, అంతకుముందు పుట్టినోళ్ళకు చాలా మందికి పడి ఉండకపోవచ్చు. పెద్దోళ్ళైతే ముందు హెపటైటిస్ బి ఉన్నదా లేదా చూసే హెచ్‌బీఎస్ఏజీ రక్తపరీక్ష చేయించుకొని, నెగెటివ్ వస్తే మూడు డోసులు వేయించుకోవచ్చు, మొదటిది వేయించుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. పాజిటివ్ వస్తే డాక్టర్ దగ్గరికి పోవాలె, వాళ్ళింట్ల పల్లీలు ఏరుడు ఇంకా గట్టిగ ఉండాలె, మద్యం తాగుడు పూర్తిగ బంద్ చెయ్యాలె.